చిల్లర

పెదవాల్తేరు జంక్షన్లో
చెరుకు గెడని రెండోసారి గానుగలో పెడుతుంటే
యూనివర్సిటీ కుర్రోడు అడిగాడు,
ఇక్కడ నేర్చిన తెలుగులోనే:
"దీన్ని ఏటంటారు?"
చెరుకు, అన్నాను.
"మేం ఉమోబా అంటాం."

నాటల్ వాళ్ళది. పేరు వూసుముజీ,
ఇల్లు నిలబెట్టు అని అర్థమట.
తెల్లదొర గుడిసెకింతని పన్నేశాడట.
ధాన్యం వద్దట, ఆవు వద్దట, రొక్కమే కావాలట.
వాళ్ళ పెద్దోళ్ళు
దొర చెరుకుతోటలో కూలికి మాత్రం
రామన్నారట.

చప్పున మా అసిరయ్య ముత్తాత మెదిలాడు.
కరువేడు, భోగాపురం దగ్గర
మేస్త్రీ కాగితం మీద వేలిముద్రేసి
పంచదార దేశానికని ఓడెక్కినోడు.
మెడలో రేకుబిళ్ళ, బిళ్ళ మీద నంబరు.
తిరిగొచ్చింది ఆ బిళ్ళొక్కటే.

వాళ్ళు రామన్న చోటికి
మావోణ్ణి తోలారన్నమాట.
ఎవరి నేలలో ఎవరి చేత నాటించారో,
చెరుక్కేం తెలుసు,
తియ్యగానే పెరిగుంటుంది.

"అయితే మీ తాత మా పొలంలోకి వచ్చాడు"
నవ్వుతూనే అన్నాడు.
నేను నిమ్మచెక్క పిండుతూ ఉండిపోయాను,
రసం అయిపోయాక కూడా.

వంద కాగితం ఇచ్చాడు.
వద్దన్నాను. జేబులో కుక్కాడు.
చూస్తే నా దగ్గర చిల్లర లేదు.
ఈగల్ని తోలుకుంటూ
ఇంకో గ్లాసు పోశాను.
అయినా
లెక్క తేలలేదు.