పటంలో ఒక నల్ల గడి

త్రియెస్తేలో గాలికి పేరుంది, బోరా అంటారు.
అది లేచిన రోజు మనుషులు పట్టుకు నడవడానికి
వెనకటికి వీధుల్లో తాళ్ళు కట్టేవారట.
ఆ రాత్రి ల్యాబ్ కిటికీలు పళ్ళు కొరుకుతున్నాయి.
నీవెస్ ఫుర్లాన్ స్క్రీన్ ముందు కూర్చుని
ఒక యంత్రం ఊహించుకోవడం చూస్తోంది.

ఊహే. నాకు వేరే మాట దొరకలేదు.
నా పని చక్రాలు, బేరింగులు, గ్రీజు;
లోపలి సంగతులు ఆమెవి.

నడుమెత్తు ఉంటుంది, నెత్తిన తిరిగే లేజరు కన్ను.
కదిలే ముందు తనలో ఇంకో తనను నడిపిస్తుంది:
గోరంత బొమ్మ, గోరంత కారిడార్లో
గోడకు గుద్దుకుంటుంది, వెనక్కొస్తుంది,
మళ్ళీ బయలుదేరుతుంది.
లోపలిది తిన్న దెబ్బలన్నీ లెక్కపెట్టుకున్నాకే
బయటిది మొదటి అడుగు వేస్తుంది.
అడుగంటే చక్రమే. అలా అనడం అలవాటైపోయింది.

"దీనికి స్పృహ ఉందా?" చూడవచ్చిన వాళ్ళు అడుగుతారు.
"తనెక్కడుందో దానికి తెలుసు" అంటుంది నీవెస్,
"మనలో ఎంతమందికి తెలుసు?"

మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన,
పటంలో ఒక నల్ల గడి.
రాత్రి కాపలా తుల్లియో కుర్చీ ఉండేదక్కడ.
మోకాళ్ళ నొప్పుల మనిషి. యంత్రం వస్తే
కాళ్ళు ముడుచుకుని, టోపీ తీసి,
దయచెయ్యండి దొరవారూ అని తన యాసలో దారిచ్చేవాడు.
నవంబరులో పోయాడు.
కుర్చీని ఎవరో కింది గోదాములో పడేశారు.

యంత్రం మాత్రం అక్కడికి రాగానే నెమ్మదిస్తుంది.
లోపలి బొమ్మ ఓ క్షణం నిలబడుతుంది.
తర్వాత ఆ ఖాళీ గచ్చు చుట్టూ
నెలవంకలా ఒంపు తిరిగి పోతుంది.

లేజరు లేదంటోంది. జ్ఞాపకం ఉందంటోంది.
రెండేళ్ళు రాత్రి రాత్రీ చూసినదాన్ని
మూడు వారాల శూన్యం చెరపలేకపోతోంది,
అంత బరువు పేరుకుంది ఆ గడి మీద.

"దుఃఖం అని రాద్దామా?" కుర్రవాడు ఇల్లారియో అడిగాడు,
సగం నవ్వుతూ.
"పొరపాటు అని రాయి" అంది నీవెస్.
"ఎంత శాతమో అంకె వేసి రాయి."

వేలు మీట మీద పెట్టి చాలాసేపు ఉంచింది.
గాలి ఓసారి కిటికీని తోసింది.
నొక్కింది.
నల్ల గడి తెల్లబడింది. అంతే.

తెల్లారగట్ల కాఫీకి బయలుదేరాం.
ముందు నీవెస్, కోటు బొత్తాలు పెట్టుకుంటూ
కొత్త బ్యాటరీ ఖరీదు గురించి ఏదో చెబుతోంది.
లిఫ్టు దాపుకి రాగానే, మాట ఆపకుండానే,
పక్కకు జరిగి, ఒంపు తిరిగి నడిచింది.
ఆ వెనకాల గ్రీజు డబ్బాతో నేను
అదే ఒంపులో.

యంత్రం మా పక్కనుంచి తిన్నగా దూసుకుపోయి
తలుపు దగ్గర
మా కోసం ఆగింది.