మిగిలిన రెండక్షరాలు

లాకుల దగ్గర లస్కరుని నేను.
ఉద్యోగమంటే పెద్ద మాట, ఔట్‌సోర్సింగు.
ఐదు నెలల జీతం ఏ ఫైలు కింద నిద్రపోతోందో
ఏలూరులో అడిగినా ఎవరూ చెప్పరు.

దాళ్వా వంతులు మొదలయ్యాక
నాకు రాత్రంటూ వేరే ఉండదు.
గంట చూసి తూము తలుపు లేపాలి,
గంట చూసి దించాలి.
మర తిప్పిన ప్రతిసారీ
భుజం కీలులో ఇసుక కరకరమంటుంది.
"ఇంకో గంట ఉంచవయ్యా" అంటారు ఎగువ రైతులు.
"మా వంతు నీళ్లు నువ్వే తాగేస్తున్నావేటి?"
శివారు నుంచి బుచ్చిమహాలక్ష్మి ఫోను.
ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు,
తిట్లు మాత్రం వరసతో సహా తెలుసు.

రిబ్కా అరుగు మీద లేసు అల్లుతుంది.
కండెకింతని కూలి.
నడుం పట్టేసేదాకా ద్రాక్షగుత్తులల్లి
ఏజెంటు సంచిలో వేస్తుంది.
అది ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుంటుందో!
"చూడాలనిపించదా?" అన్నానొకసారి.
"కుట్టు జారకుండా అల్లానా లేదా, అంతవరకే నాది" అంది.
నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చలేదు.

డిసెంబరు ఆఖరి రాత్రి గుడిలో
వాగ్దానం కార్డుల పళ్లెం తిప్పారు.
మా ఇంటిల్లిపాదికీ ఒకటే చాలని
కళ్లు మూసుకుని తీసింది రిబ్కా.
చదివి, కొంగుతో కళ్లు తుడుచుకుని
నా చొక్కా జేబులో పెట్టింది.
తర్వాత చదువుదాంలే అనుకున్నాను,
ఒళ్లో ప్రిస్కిల్ల కేకు కోసం ఏడుస్తోంది.
తర్వాత ఏ రోజూ రాలేదు.
చొక్కా ఉతికినప్పుడల్లా తనే తీసి
వేసుకునే చొక్కాలోకి మార్చేది.

మార్చి మొదట్లో, వరి పొట్ట మీదున్నప్పుడు
తూము గొంతులో గుర్రపుడెక్క అడ్డం పడింది.
రాత్రి రెండు దాటింది. సాయానికి ఎవరూ లేరు.
మెడలోతున దిగి, చేతులు తిమ్మిరెక్కేదాకా లాగాను.
గట్టెక్కి, చలికి పళ్లు కొట్టుకుంటుంటే
జేబు గుర్తొచ్చింది.
సెల్లు వెలుగులో చూద్దును గదా
సిరా అంతా నీలం మరక.
చివర రెండక్షరాలు మిగిలాయి: "దను".

"ఏం రాసుంది అందులో?" అన్నాను తెల్లారాక.
రిబ్కా సూది ఆపింది.
"ఏడ్చిన సంగతే గుర్తుంది, మాట గుర్తు లేదు."
అయ్యగారిని అడిగితే నవ్వేశారు,
"నూట యాభై కార్డులు తెచ్చాను,
ఎవరికేది వచ్చిందో నాకేం తెలుసోయ్!"

మర తిప్పుతూ అతికించి చూశాను.
ఇచ్చెదనా? మోసెదనా? కాచెదనా?
జీతం ఇప్పించెదనా?
పదోక్లాసులో తెలుగు మాస్టారు
ప్రత్యయాలు విరిచి చూపించేవారు,
చెరుకు గడ విరిచినట్టు.
చివరి "ను" అంటే నేను.
ఏం చేస్తానన్నాడో కాలవలో కలిసిపోయింది.
చేస్తానన్నవాడు కార్డు మీదే ఉన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక
మొగల్తూరు అవతలికి సైకిలు తొక్కాను.
ఉప్పుగాలి మొదలయ్యే చోట
పంట బోదె ఆఖరి మలుపు.
అక్కడ నీరు ఉరకలేదు, మాట్లాడలేదు,
నేల బీటల్లోకి చీమలబారులా పాకుతోంది.
గట్టు మీద బుచ్చిమహాలక్ష్మి, నేననుకున్నంత ఎత్తు లేదు.
"వచ్చాయిలే. ఒక రోజు ఆలస్యంగా" అంది.
కాసేపు నన్ను చూసి
సైకిలు హ్యాండిలుకి తోటకూర కట్ట వేలాడదీసింది.

జీతం ఇంకా రాలేదు.
ఫీజు కట్టమని బడి నుంచి రెండో చీటీ వచ్చింది.
రాత్రి ప్రార్థనలో నా గొంతు
కొన్నిసార్లు సగంలోనే ఆగిపోతుంది,
మిగతాది రిబ్కా పూర్తి చేస్తుంది.

ఎండబెట్టి, ఇస్త్రీపెట్టె కింద చదును చేసి
ఆ కార్డు ఇప్పటికీ జేబులోనే పెడుతుంది.
గుమ్మం దాటుతుంటే లేసులోంచి తలెత్తకుండా
"ఉందా?" అంటుంది.
చెయ్యి జేబు మీద వేసుకుని చెబుతాను,
"ఉంది."