అభ్యంతరం

ముప్పై రోజుల్లోగా రాయమన్నారు.
ఇరవై తొమ్మిదో రాత్రి, కొళత్తూరులో కరెంటు లేదు.
మంచం కింద సీతాలు దుప్పటి గీరుతోంది,
ఈ రాత్రికో రేపటికో.

అయ్యా,
మీ ముసాయిదాలో నా పేరు ఉత్పత్తిదారు.
రాజపాళయం నుంచి మా పెదనాన్న సంజీవిరాజు
బస్సులో ఒళ్లో పెట్టుకు తెచ్చిన తెల్లకుక్కకి
ఇది ఏడో తరం.
పుట్టిన ప్రతి పిల్లా నోటుపుస్తకంలో ఉంది,
చచ్చినవీ ఉన్నాయి.

తెల్లవాటికి చెవుడొస్తుంది.
ఐదో వారంలో వెనక నుంచి పళ్లెం మోగిస్తాను.
తల తిప్పని పిల్లని అమ్మను.
అలాంటివి రెండు ఇప్పటికీ
నా అడుగుకి నేల అదిరితేనే లేస్తాయి.

ఆదివారం సంతలో
కళ్లు తెరవని కూనల్ని గంపకెత్తి అమ్మేవాడికి
మీ కాగితం అందదు, వాడికి చిరునామా లేదు.
నా ఇంటికి నంబరుంది,
అదే నా తప్పు.

తనిఖీకి రండి, వద్దనను.
పుస్తకం అడగండి. పళ్లెం మీరే మోగించండి.
ఒక ఈతకీ ఇంకో ఈతకీ మధ్య
దాన్ని ఎన్నాళ్లు

సీతాలు మూలిగింది.
కొవ్వొత్తి కిందికి దించాను.
మొదటిది ఆడది, ముక్కు గులాబీ రంగు.
తువ్వాలుతో తుడిచి
పుస్తకంలో కొత్త గీత గీశాను.
పేరింకా రాయలేదు.
రెండోది వస్తోంది.