ఎడమచేతి మెలిక

సెరంగో ఘాటీ దిగి
కూరగాయల వ్యానులో పడుకుని వచ్చింది రాజ్‌దూత్,
పక్కన పసుపు బస్తాలు, కింద అనాసపళ్ళు.
జ్వరమొచ్చిన మేకని దింపినట్టు
దించాడు దాన్ని ఇసాకు గొమాంగో.

"నడుస్తాది బాబూ. ఎడం పక్క తిప్పితేనే కన్ను మూసేస్తాది.
కుడి పక్క తిప్పితే తెరుస్తాది.
మా ఘాటీలో అన్నీ ఎడం మలుపులే."

వెళ్ళేటప్పుడు ఎడమైతే వచ్చేటప్పుడు కుడి కదా, అన్నాను.
"పగలెళ్తాను. రాత్రొస్తాను."

ఇంకో జబ్బు కూడా ఉంది:
బ్రేకు తొక్కితే వెనక ఎర్రదీపం వెలగదు,
ముందు మీటరులో చిన్న బల్బు
పిలవని పేరంటానికొచ్చినట్టు మసగ్గా వెలుగుతుంది.
కాశీనగర్‌లో బ్యాటరీ మార్చారట.
పర్లాకిమిడిలో రెక్టిఫయరు.
ఒకాయన నిమ్మకాయ కట్టమన్నాడట,
పాస్టరుగారికి జడిసి కట్టలేదు.

గుణుపురంలో ఆ మధ్యాహ్నం వాన, కరెంటు లేదు.
నా సరంజామా ఇంతే:
పాత ఇండికేటరు బల్బు, రెండు మూరల తీగ,
చివర గోనెసంచులు కుట్టే దబ్బనం.
గుచ్చి అడుగుతూ పోవాలి.
ఇక్కడున్నావా?
ఉన్నాను.
ఇక్కడ?
ఉన్నాను.
ఇక్కడ?

క్రిస్మస్‌కని బండికి నీలం రంగు వేయించాడు ఇసాకు.
ఎర్తు బోల్టు కిందా వేసేశారు.
కరెంటుకి వెళ్ళే దారుంది, తిరిగొచ్చే దారి లేదు.
వీధి తలుపు మూస్తే ఊరుకునే రకమా అది?
పక్కవాళ్ళ దొడ్లోంచి దూరి
మీటరు బల్బు మీదుగా ఇల్లు చేరుతోంది.
చాకుతో గీకాను. ఇనుము తెల్లబడింది.
తొక్కాను. వెనక ఎర్రబడింది.

రెండోది మెడలో ఉంది.
ట్యాంకు దించి తీగల కట్ట కోశాను.
పచ్చగా బయల్దేరిన తీగ నల్లగా మారి,
కొంతదూరం మైకుసెట్టు తీగై,
ఒకచోట ఇస్త్రీపెట్టె గుడ్డతీగై,
ఏమీ ఎరగనట్టు మళ్ళీ పచ్చగా ముందుకొచ్చింది.
చెయ్యిపెట్టిన ప్రతివాణ్ణీ తెలుగులో తిట్టాను.
చాలక ఒడియాలో తిట్టాను.
ఇసాకు నవ్వి, సవరలో ఒక మాట అందించాడు.

హ్యాండిలు తిరిగేచోటే, సరిగ్గా అక్కడే, ఒక అతుకు.
టేపు కాదు, సైకిలు ట్యూబు పీలిక.
పైన తొడుగు బాగానే ఉంది.
లోపల పోగులు ఒక్కొక్కటే తెగి, చిలుం పట్టి,
కుడికి తిప్పితే ఒకదాన్నొకటి ముట్టుకుంటున్నాయి,
ఎడమకి తిప్పితే వదిలేసుకుంటున్నాయి.
ఎవడ్రా మెడ దగ్గర అతికిన దరిద్రుడు, అంటూ
మెలిక విప్పబోయాను.

విడిపోయింది.

ఊళ్ళో అందరి మెలికలూ నా చేతికి ఎదురు తిరుగుతాయి.
పట్టకారు మార్చి పట్టుకోవాలి, మణికట్టు నొప్పెట్టాలి.
ఇది మాత్రం
పెంచినవాడి చేతిలో పిట్టలా లొంగింది.

గుణుపురంలో ఎడంచేత్తో మెలిపెట్టే కుర్రాడు ఒక్కడే ఉండేవాడు,
దండాసి మేస్త్రి షెడ్డులో,
స్పానరుతో వేళ్ళమీద కొట్టించుకుంటూ.
టంకం పెట్టావురా? అని మేస్త్రి అడిగే ఉంటాడు.
పెట్టాననే చెప్పి ఉంటాడు.
అవతల ఫుట్‌బాలు ఆట మొదలైపోయుంటుంది.
ఇరవై మూడేళ్ళు ఆ అబద్ధం మీద
ఘాటీ ఎక్కాడు, దిగాడు, ఎవరెవరో.

"దొరికిందా బాబూ?"
వాన వైపు చూస్తూనే అడిగాడు ఇసాకు.
దొరికాడు, అన్నాను.

కొత్త తీగ వేశాను, మెడ దగ్గర రెండంగుళాలు వదులుగా.
అతుకుని ట్యాంకు కింద కదలనిచోటికి జరిపాను.
కిరసనాయిలు స్టౌమీద కడ్డీ కాల్చి టంకం పెట్టాను,
రెండుసార్లు.
మెలిక మాత్రం ఎడమకే పడింది.

నలభై ఇమ్మన్నాను, తీగ ఖరీదు.
అంత తక్కువైతే మళ్ళీ పోతాదేమో అని
నోట్లు మడత పెట్టుకుంటూ నిలబడ్డాడు కాసేపు.
ఒక అనాసపండు బల్లమీద పెట్టి బండెక్కాడు.

వంతెన దాటాక రోడ్డు ఎడమకి తిరుగుతుంది.
చేతులు తుడుచుకోకుండా అక్కడిదాకా చూశాను.
తిరిగింది. వెలుగుతూనే ఉంది.
తరవాత చెట్లు అడ్డమొచ్చాయి.