గొంతు ఎంత కొయ్యాలె

"గొంతు ఎంత కొయ్యాలె దొరా?"
మండిబజార్ల లేతు ముంగట కూసొని
మదార్ సాబ్ అడిగిన ఆ ఒక్క మాటకే
నేను మట్టెవాడ దాకా ఉరికిన.
పనిల చేరి అప్పటికి గంట కూడ కాలే.
పన్నెండేండ్లు నాకు.

అమ్మే తోలుకొచ్చి మల్ల దింపింది.
ఉస్తాద్ నవ్వలే. బీడీ ఆర్పి
విలాయతి నాళిని లైటుకు పట్టి
"కన్ను పెట్టు" అన్నడు.
"ఇగో, తూటా పండుకునే అర్ర ఇది.
అగో, ముందర మెలిక తిరిగిన గట్లు.
అర్రకూ గట్లకూ నడుమ నున్నటి జాగ ఉన్నదా,
గదే గొంతు.
గోలి గట్టును కరవక ముందు ఉరికే జాగ."

తుపాకి విఠల్ రావుది.
తాడ్వాయి దిక్కు తునికాకు కాంట్రాక్టు,
జేబుల ఎప్పుడూ లైసెన్సు, మడతల కాడ చినిగింది.
పొడుగు గొంతు కావాలన్నడు.
పెద్ద గోలి పట్టాలె, బరువు గోలి,
రేపు పులి ఎదురైతే?

"పొడుగు కోస్తే పెద్ద గోలికి తొవ్వ దొరుకుతది.
చిన్న గోలి మాత్రం అండ్ల ఊగుకుంట పోతది,
జాతరల చెయ్యి ఇడిసిన పోరని లెక్క.
పొట్టిగ కోస్తే చిన్నది సూటిగ పోతది,
పెద్దది గట్టుకు తన్ని బోల్టు మూసుకోది.
చెప్పు, ఏం కొడ్తవ్?"
"అన్నీ."
"అన్నీ అంటే ఏదీ కాదు. మొన్న ఏం కొట్టినవ్?"
"పంది."
"అంతకు ముందు?"
"పందే."
"పులిని చూసినవా?"
విఠల్ రావు రుమాలుతోని మెడ తుడుసుకున్నడు.
"అడుగులు చూసిన."

ఆ రాత్రి కరెంటు లేదు.
మందు లేని ఉత్త తూటా ఒకటి చేసి
కందిలి పొగకు గోలిని మసి పట్టించి
అర్రల పెట్టి, బోల్టు మెల్లగ మూసి, మల్ల గుంజిండు.
మసి మీద ఆరు గీతలు,
పిల్లి గీరినంత.
రీమరు అర చుట్టు తిప్పి, తుడిచి, నూనె రాసి,
మల్ల మసి. మల్ల గీతలు. ఈసారి కొంచెం పొట్టిగ.
నేను దీపం పట్టుకొని నిద్రల తూలుతుంటే
మోచేతితో పొడిసిండు:
"కోసినంక అతికియ్యరాదుర.
తక్కువైతే రేపు కోసుకోవచ్చు.
ఎక్కువైతే నాళి పారేసుడే."
గీతలు పోయినయి.
ఇంకో వెంట్రుకంత కోసి రీమరు తీసిండు.
పులి కొలత అది కాదు.
నాకు ఎరుకే, ఆయనకు ఎరుకే.

విఠల్ రావుకు చెప్పలే.
ఆయన అడగలే.
పంది మాత్రం
ఎక్కడ కొట్టాలనుకున్నడో అక్కడ్నే పడ్డదని
రెండు సీతాఫలం గంపలు పంపిండు.

మూడో ఏట వచ్చిండు.
రుమాల్ల కట్టుకొచ్చిన పెద్ద గోలీలు బల్ల మీద పరిచి
"బోల్టు మూసుకుంట లేదు సాబ్" అన్నడు.
ఉస్తాద్ ఒక గోలి తీసి చేతుల దొర్లించిండు.
"పులి కనవడ్డదా?"
విఠల్ రావు ఏమనలే.
చాయి తాగి, గోలీలు లెక్కవెట్టుకొని పోయిండు.
ఆ తర్వాత వేట బందని చట్టమొచ్చింది.
తుపాకిని ములుగు ఠాణల జమ చేసిండ్రు.
ఇప్పటికీ అక్కడ్నే ఉన్నదో, తుప్పు తిన్నదో.

నేనిప్పుడు హన్మకొండల
కోత మిషన్లకు బుష్షులు చేస్త.
కొడుకులు డిజిటల్ మీటరు కొనిచ్చిండ్రు.
అంకె చూపెట్టక ముందే చెయ్యి ఆగుతది,
కొలతకు వెంట్రుకంత ఇవతల.
"ఇంకొంచెం తీయరాదే" అంటడు రైతు.
రేపు తీస్త అంట.
తిట్టుకుంట పోతడు.

సొరుగుల ఆ మసి గోలి ఉన్నది.
ముట్టుకుంటె వేలికి నల్లగ అంటుతది, ఇంకా.
మనుమరాలు అడిగింది, ఇదేంది తాతా అని.
చెప్తామని నోరు తెరిచి
ఎక్కడ మొదలువెట్టాల్నో తెల్వక
కొంచెంసేపు ఉత్తగనే ఉన్న.