“బడింది” అంటే ఎవలు?

సోమవారం ప్రజావాణి.
హన్మకొండ కలెక్టరాఫీసుల
నా టోకెన్ నూట పదిహేడు.
కుర్చీలు నిండినై,
మిగిలినోళ్లం కింద జంపఖాన మీద కూసున్నం.

కూసున్నంక చెయ్యి ఊకుంటదా,
అంచు తడిమింది.
ఎర్ర చార, నల్ల చార, నడుమ సన్నగ చిలకపచ్చ.
కొత్తవాడల ఆ పచ్చ ఏసేది మా సంఘమొక్కటే.
మూడో చారల ఏలుకు తగిలింది
ఒక ముడి.

ఎడమకు తిరిగిన ముడి.
మా అవ్వ నేర్పింది, నాకు తప్ప ఇంకెవలకు రాదు.
రెండేండ్ల కింద, కరెంటు పోయిన రాత్రి,
ఫోను పండ్ల నడుమ పట్టుకొని ఆ ఎలుగుల
కండె చుట్టుకుంట తెగిన నూలును
అతికిన ముడి.

సర్కారుకు పంపిన నాలుగు వందల జంపఖానలల్ల
ఇదొకటన్నట్టు.
బిల్లు ఇంక రాలేదు.
పరకాల నుంచొచ్చిన పింఛనాయన,
చంటిపిల్లతోని ఆ ఐనవోలు ఆమె,
నేను,
అందరం నా బాకీ మీదనే కూసున్నం.

“ఏం పని మీదొచ్చినవు?” అన్నడు పింఛనాయన.
లెక్క అడుగుదామని, అన్న.
“లెక్కడిగితె కాయితమడుగుతరు బిడ్డా” అని
సంచి ఎత్తి చూపిచ్చిండు.
సంచి నిండ కాయితాలే.
సద్ది కూడ కాయితంలనే చుట్టుకొచ్చిండు.

మా మగ్గానికి నంబరున్నది.
గోడకు కొట్టిన రేకు బిళ్ల.
ఫోటో దిగినప్పుడు మగ్గం
పెండ్లిపిలగాని లెక్క నిలవడ్డది.
రాట్నం తిప్పే చేతిని మాత్రం
“జర పక్కకు జరుగమ్మా, ఫోటోల వడుతున్నవు” అన్నరు.
పొదుపు పథకమన్నరు. నెలనెలా మా వాటా కోసుకున్నరు.
సర్కారు వాటా జమ అయిందట.
ఆ “అట”కు
పాసుబుక్కుల గడి లేదు.

నూట పదిహేడు.
నవనీత అని బిళ్ల పెట్టుకున్న పిల్ల
కంప్యూటర్ల చూసి అన్నది:
“ఆడెపు అనసూర్య… మీది క్లోజ్ అయిందమ్మా.”
పైసలు వచ్చినయా?
“లేదు. ఫిర్యాదు పరిష్కరించబడింది.”

ఎవలు పరిష్కరించిండ్రు?

“అట్లనే ఉన్నదమ్మా.
దరఖాస్తు స్వీకరించబడింది,
పై కార్యాలయానికి పంపబడింది,
పరిశీలించబడింది,
పరిష్కరించబడింది.”

నేను చదివింది ఏడో తరగతి.
కని ఒకటి నాకెరుకే బిడ్డా,
మా ఇంట్ల ఏదీ “బడదు”.
నూలు అద్దబడదు,
నీలిమందుల మోచేతుల దాక మునిగి మా మరిది అద్దుతడు.
బట్ట నేయబడదు,
గుంటల కాళ్లు పెట్టి ఆయన నేస్తడు, నడుము పోతది.
కండె నిండబడదు.
మీ కాయితంలనే అన్నీ వాటంతటవే ఐతయి,
చేసినోడు కనవడడు.

ఇట్ల రా, వంగి చూడు.
ఈ ముడి ఎవలేసిండ్రంటె నేను చెప్త.
నేనేసిన.
మంచిగున్నా నాదే, అడ్డమున్నా నాదే.
నా ఫైలుకు గిసొంటి ముడి ఒక్కటి చూపియ్యి.
ఎవలేసిండ్రో పేరు చెప్పు.
చాలు, పోత.

పిల్ల స్టేజీ దిక్కు చూసింది.
స్టేజీ మీద సార్లు నీళ్ల సీసాల ఎనుక ఉన్నరు.
“పేరు రాసే గడి సిస్టంల లేదమ్మా” అన్నది.
జరసేపాగి, మెల్లగ,
“మా అమ్మ బీడీలు చేస్తది, కోరుట్ల.
ఆమెది గూడ క్లోజ్ అయింది.”

మల్ల కొత్త నంబరు కొట్టింది.
రశీదు చింపి,
ఎనుక దిక్కు తిప్పి,
పెన్నుతోని చిన్నగ
“న” అని రాసింది.
రాసి, సిరా ఆరక ముందే మడత పెట్టిచ్చింది.

మూడున్నరకు హాలు ఖాళీ ఐంది.
అటెండరు పిలగాడు జంపఖాన దులిపి
ఉల్టా చుడుతున్నడు.
అట్ల గాదు తమ్మీ,
చార లోపటికి రావాలె, లేకుంటె అంచు చీరుకపోతది, అన్న.

ఆగిండు.
విప్పి, తిప్పి చుట్టిండు.