తొంభై నాలుగు

నర్సీపట్నం పెళ్ళి, నాలుగొందల జీబీ.
కింద గదిలోంచి
మేడ మీద మూల కూర్చున్న నల్లపెట్టెలోకి పంపుతున్నాను.
పది గంటలంటోంది తెర.
తలంబ్రాలు పోయడానికి అరగంట,
దాచడానికి రాత్రంతా.

మొదట డిస్కుల్ని అనుమానించాను.
పెట్టెకి చెవి ఆనించి విన్నాను.
నాలుగూ తిరుగుతున్నాయి, గొణుగుడే తప్ప దగ్గు లేదు.
రూటర్ ఆపి, ఇరవై లెక్కపెట్టి, మళ్ళీ వేశాను.
వైఫై కట్టేసి తీగ మీదే నడిపాను.
చిన్న ఫొటోలు వేలున్నాయి కదా,
ఒక్కోదానికీ విడిగా తాంబూలం ఇవ్వాలేమో అని
ఒకే ఒక్క పెద్ద వీడియో పంపి చూశాను.
అదే నత్త.

ఫైళ్ళు మానేసి
ఈ కొస నుంచి ఆ కొసకి ఉత్త అంకెలు పంపి కొలిచాను.
తొంభై నాలుగు.
మళ్ళీ తొంభై నాలుగు.
బీచి రోడ్డు మీద ఆఖరి ముంతమసాలా బండి వెళ్ళిపోయాక కూడా
తొంభై నాలుగే.

జ్వరమైతే ఎక్కుతుంది, దిగుతుంది.
ఎక్కని, దిగని అంకె జబ్బు కాదు,
ఎక్కడో గీసిన గీత.

అసలు వేగానికి ఎనిమిది తీగలూ కావాలి.
ఒక్కటి చెయ్యిచ్చినా
ఈ కొసా ఆ కొసా గుసగుసగా మాట్లాడుకుని
నాలుగింటితో సర్దుకుంటాయి.
గంట కొట్టవు. ఎవరికీ చెప్పవు.
పచ్చదీపం బదులు పసుపుదీపం, అంతే.
పసుపు శుభమనుకున్నాను ఆర్నెల్లు.

పొద్దున్నే తవిటినాయుడొచ్చాడు.
కిటికీ దాటి, పిట్టగోడ వెంట పాకి, మేడకెక్కే తీగని
తడుముకుంటూ వెళ్ళాం.
జాలారిపేట మీంచి వచ్చే గాలి
మా ఇంట్లో దేన్నీ వదల్లేదు:
ఊచలు, గొళ్ళెం, ట్రైపాడ్ మరలు,
మొన్న కొన్న తాళంకప్ప.
గోడ మీద వేలు రాస్తే
ఒక పక్క ఉప్పు, ఒక పక్క పోర్టు బొగ్గు.
అతుకు దగ్గర మూత పీకితే
గోధుమరంగు తీగ మొదట్లో చిలుం,
ఆకుపచ్చగా, ముద్దుగా.

"ఏటక్కా, ఇన్నాళ్ళూ పన్జేసింది గదా?"

పనిచేసింది. అదే చిక్కు.

కొస కత్తిరించాను.
తెలుపూ నారింజ, నారింజ, తెలుపూ ఆకుపచ్చ, నీలం...
పెదాలతో వరస చదువుకుంటూ
"కాస్త లైటు చూపించు" అన్నాను.
ఎడమచేత్తో ఎత్తాడు.

శ్రావణం పెళ్ళిళ్ళ నుంచీ (ఇప్పుడు లెక్కపెడుతున్నాను)
కెమెరా ఎడమ భుజం మీదే.
గొడుగు లైట్లు ఒకసారి మోసేవాడు రెండుసార్లు మోస్తున్నాడు.
టీ గ్లాసు కూడా ఎడమే.
ఒక్క ముహూర్తం తప్పలేదు.
కాస్త నెమ్మదించాడు, అంతే.
ముసురు వల్లేమో అనుకున్నాను,
తర్వాత చలి వల్లేమో అనుకున్నాను.

"కుడిచెయ్యి ఎప్పట్నుంచి?"

"ఏటి నేదక్కా.
తగరపువలసలో స్టూలు మీంచి పడ్నాను గదా.
పన్జేస్తంది."

క్రింపరు నొక్కాను.
ఎనిమిదీ ఒక్కసారే కరిచాయి.
కింద పచ్చదీపం, తొమ్మిదొందల నలభై.
పది గంటలు గంటకి దిగాయి.
దానికిక నా అవసరం లేదు,
నర్సీపట్నం పెళ్ళి దానంతటదే మేడెక్కుతోంది.

బండి తాళాలు తీశాను.
కేజీహెచ్‌లో ఎముకల ఓపీకి
ఈపాటికి లైను మెట్ల దాకా వచ్చుంటుంది.

"ఎందుకక్కా, వొద్దు" అంటూనే
హెల్మెట్టు
ఎడమచేత్తో అందుకున్నాడు.